నాలుగో నంబరు బస్సు

మొదట నది గీశాను.
నది ఉంటే ఊరు దానంతటదే వస్తుందనుకున్నాను.
తర్వాత చర్చి, నారింజ చెట్ల కూడలి,
గుర్రం మీద ఎవరో సేనాపతి.
సాంతా బ్రిహిదా అని పేరు పెట్టి
ఇరవై పేజీల నవల రాసి
పక్కింటి వాషింగ్టన్ ఎచెవెర్రికి చదివి వినిపించాను.

ముప్పై ఒక్క ఏళ్లు పైసాందూలో బస్సు నడిపినవాడు.
మాతే బుర్రలోకి వేణ్ణీళ్లు వంపుకుంటూ
అంతా విని ఒక్కటే అడిగాడు:
"నాలుగో నంబరు బస్సు ఎక్కడ తిప్పుకుంటారు?"

నా దగ్గర జవాబు లేదు.
నా వీధులన్నీ కాగితం అంచు దాకా వెళ్లి
చెప్పబోయిన మాట మరిచిపోయినవాళ్లలా
నిలబడిపోయాయి.

ఆ రాత్రి సేనాపతిని చెరిపేశాను.
గుర్రాన్ని చెరపడానికి కొంచెం మనసొప్పలేదు.
నదికి దిగువన తోళ్ల కర్మాగారం పెట్టాను.
దక్షిణపు గాలి తిరిగిన రోజున
ఆ పేటలో ఎవరూ బట్టలు ఆరెయ్యరు.
వాసన ఒక్కటి రాగానే అద్దెలు తగ్గాయి,
తగ్గిన అద్దెల్లోకి మనుషులు దిగారు:
చెప్పులు కుట్టే ఆర్మీనియా ముసలాయన,
కసాయి కొట్టు అన్నదమ్ములు, ఒకరితో ఒకరికి మాటల్లేవు,
పళ్ల డాక్టరు కాబోయి
కట్టుడు పళ్లు చెక్కడం దగ్గర ఆగిపోయిన నెల్బా.
నేనెవర్నీ పిలవలేదు.

పెద్ద వీధికి మంత్రిగారి పేరు పెట్టాను, పలక కొట్టించాను.
జనం మాత్రం కోళ్ల వీధి అనే అంటారు.
అక్కడ కోళ్లమ్మడం మానేసి నలభై ఏళ్లయింది.

నేను నీళ్ల మీటర్లు చదివిన మనిషిని.
ఊరు అబద్ధమాడుతోందా లేదా
కుళాయి దగ్గర తెలిసిపోతుంది.
అందుకే మిట్ట మీది ఇళ్లకు
పొద్దున ఏడింటికి ధార సన్నబడేలా చేశాను.
తాళం వేసిన ఒక ఇంట్లో
మీటరు తిరుగుతూనే ఉంటుంది.
ఎందుకో నాకూ ఇంకా తెలియదు.

బస్సు సంగతి తేల్చడానికి నెల పట్టింది.
శ్మశానం గేటు ముందు తిప్పుకుంటుంది,
పూలకొట్టు వెనక డ్రైవరు కాఫీ తాగే దాకా ఆగుతుంది.
ఆలస్యమైందని ఎవరూ విసుక్కోరు;
అక్కడ దిగేవాళ్లకు తొందరుండదు.

ఒక్క వంతెన మాత్రం తప్పు చోట కట్టాను.
కావాలనే.
మేయరు బావమరిది స్థలం వైపు
అది కాస్త వంగి వెళుతుంది.

మళ్లీ చలికాలం వచ్చింది. మళ్లీ చదువుతున్నాను.
వానలో, అర్ధరాత్రి, క్లోతిల్దే
ఆసుపత్రికి పరిగెడుతోంది, నది పక్క దారిన,
తమ్ముడి రక్తం చీటీ చేతిలో ముడుచుకుని.
వాషింగ్టన్ బుర్ర కింద పెట్టాడు.
"ఆ దారిన వద్దను పిల్లని.
ఈ వానకి వంతెన కింద మోకాల్లోతు నీళ్లుంటాయి.
ఆ మేయరుకి బుద్ధి లేదు."

నేనలా ఎక్కడా రాయలేదు.
పటం తీసి చూశాను. నిజమే, అక్కడ పల్లం.

అమ్మాయిని కోళ్ల వీధి మీదుగా తిప్పాను.
ఆరు నిమిషాలు ఆలస్యంగా చేరింది.
ఆ ఆరు నిమిషాల వల్ల
నవల చివరంతా
మళ్లీ రాయాల్సి వచ్చింది.