పిల్లికూతలు

జనవరి. బయట మైనస్ ఇరవై ఎనిమిది.
ఫ్రీజర్‌లో మైనస్ ఎనభై.
ఈ రెండు చలుల మధ్య
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చని పెట్టె ముందు నా కుర్చీ.
పెట్టె నిండా
పసిపిల్లల ముక్కుల్లోంచి తెచ్చిన ఊళ్లు.

ఓయివాకి మూడు నెలలు.
ఇలొమాంత్సి దాటాక, ఆవుల కొట్టానికి ఆనుకున్న ఇల్లు.
దూది చుట్టిన పుల్ల ముక్కులో పెడితే
వాడు ఏడవలేదు. తుమ్మాడు.
నా కళ్లద్దాల మీద పడ్డ తుంపరలో
ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికే
నాకు జీతం.

"చెడ్డవేమైనా ఉన్నాయా?" అంది వాళ్లమ్మ,
కాఫీ వంచుతూ, నా వైపు చూడకుండా.
"ఎవరు ముందొచ్చారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు,
అది చూస్తామండీ" అన్నాను.
కప్పు సగమే నిండింది.

మేం చదువుకునే రోజుల్లో
ఊపిరితిత్తుల్లో ఎవరూ ఉండరన్నారు.
ముక్కు దాకా సంత, గొంతు దాకా సందడి,
ఆ కింద తాళం వేసిన ఇల్లు.
పరీక్షలో అలాగే రాశాను, పదికి పది వేశారు.
ఇప్పుడు ఆ ఇంటి కిటికీల్లో
దీపాలు కనిపిస్తున్నాయి.

బూడిదరంగు చుక్క మొరాక్సెల్లా.
తీగతో నెడితే చెక్కుచెదరకుండా పలక మీద జారిపోతుంది,
మా చెరువు మంచు మీద హాకీ బిళ్లలా.
కాచిన నెత్తురు కలిపితే తప్ప
ముద్ద ముట్టనిది హీమోఫిలస్.
మూలన ఎవరి జోలికీ పోకుండా
కోరినీబాక్టీరియా.
పేర్లు నోరు తిరగవు గానీ
నలభై ఏళ్లుగా ఇరుగుపొరుగు.

మా అక్క లెంపి
ఆవు డొక్కకి నుదురానించి పాలు పితుకుతూనే నిద్రపోయేది.
నేను నెలలు నిండకుండా పుట్టాను.
అమ్మ నన్ను కొట్టం గడప తొక్కనివ్వలేదు.
నేలకి క్లోరిన్, నా చేతులకి సబ్బు,
వచ్చినవాళ్ల బూట్లు వాకిట్లోనే.
నాలుగో ఏట ఒక రాత్రి
నా ఛాతీలో పిల్లి కూసింది.
అమ్మ లాంతరు పట్టుకుని
మంచం కిందంతా వెతికింది.

ఆ పిల్లి నాతోనే పెరిగింది. దానికిప్పుడు యాభై ఆరేళ్లు.

కొట్టం అక్కని కాపాడింది, సబ్బు నన్ను ముంచింది:
ఇలా రాసేస్తే ఎంత బావుంటుంది.
కానీ అదే కొట్టంలో, అదే గడ్డిలో దొర్లిన లెంపి కొడుకు
జేబులో నీలం ఇన్‌హేలర్ లేనిదే
చేపలవేటకి కదలడు.
గోడలు వాచాయని వీళ్లు చేరారా,
వీళ్లు చేరాక గోడలు వాచాయా?
చెట్టు ముందా విత్తు ముందా అని
చదువుకున్నవాళ్లు ఇంకా తగువులాడుకుంటున్నారు.
రోజూ పొద్దున్నే నేను పీల్చే మందు
లోపల ఎవరికి చాప వేస్తుందో,
ఎవరిని గెంటేస్తుందో,
అదీ తెలియదు.

ఒక శుక్రవారం అందరూ వెళ్లాక
నా ముక్కులో నేనే పుల్ల పెట్టుకున్నాను.
తప్పే. పలక మీద పేరు రాయలేదు.
సోమవారానికి చుక్కలు.
తీగతో ఒకదాన్ని నెట్టాను.
జారింది.
తిట్టబోయి ఆగాను.
అరవై ఏళ్లుగా నాతోపాటు
ప్రతి గుక్కా పంచుకున్నవాళ్లని
ఏమని తిట్టను?

మార్చి నెలాఖరు. మంచు కరిగి చూరు కారుతోంది.
ఓయివా వాళ్లమ్మ ఫోన్.
"రాత్రి నుంచి వాడి ఛాతీలో ఏదో కూస్తోందండీ,
పక్కలు ఎగరేస్తున్నాడు,
చిన్న పిల్లికూనలా..."

డాక్టరు నంబరు చెప్పాను. రెండుసార్లు చెప్పాను.
ఇప్పుడే బయల్దేరమన్నాను.
ఆమె ఫోన్ పెట్టేయలేదు,
నేనింకా ఏదో చెబుతానని.

"మంచం కింద వెతక్కండి" అన్నాను.