ఏడు కాళ్ల సాలీడు

మొదటి గుర్తు మొగల్రాజపురం మెట్ల పక్కన,
బండ మీద సుద్దముక్కతో గీసిన సాలీడు.
"గీయడం రాదు పాపం" అని నవ్వి
వకుళ ఫొటో తీసుకుంది.

అక్కణ్ణుంచి అన్నీ ప్రశ్నలే,
ఒక్కో జవాబూ ఒక్కో అంకె.
శ్రీకాళహస్తిలో సాలీడు ఎన్నో అక్షరం? ఒకటి.
దాని నెత్తురు రంగుకి అక్షరాలెన్ని? నీలం, రెండు.
చెవులు? సున్నా.
నా సాలీడుకి కాళ్లెన్ని?
ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుంటూ
ఎనిమిది నొక్కేశాం.

ఫోను మమ్మల్ని బందరు కాలవ గట్టు మీద నిలబెట్టి
చేరుకున్నారు అంది.
చేరుకున్న చోట
ఒక తుమ్మ మోడు, పాత టైరు,
ఎండలో వల బాగుచేసుకుంటున్న నాంచారమ్మ.

"ఏం పోగొట్టుకున్నారే?"

పోగొట్టుకోనిదాన్ని వెతుకుతున్నామని
ఎట్లా చెప్పాలో తెలీక
వకుళ బొమ్మ చూపించింది.
ఆవిడ నూలుకండె ఒళ్లో పెట్టుకుని,
తెగిన వలకన్నులు వెతికే వేలితోనే
అద్దం మీద ఒక్కో గీతా తాకింది.
"ఏడే కదే. ఒకటి ఎక్కడో ఊడింది దీనికి."

మాకు తెలుసు కదా,
అందుకే లెక్కపెట్టలేదు.

ఒక్క అంకె మారిస్తే
నీళ్లకి అవతలి గట్టు.
తూము చక్రం కింద
అయస్కాంతంతో అతుక్కున్న ఫిల్ము డబ్బా,
తడిసి ఆరిన కాగితం చుట్ట,
మాకంటే ముందు పదకొండు పేర్లు.

పన్నెండోది రాయబోతూ వకుళ ఆగింది.
"ఆవిడ ఇంటిపేరేంటి?"
కాలవ మీదుగా కేకేసి అడిగాం.
వినపడలేదేమో,
వల పైకెత్తి చూపించింది.