కొసరు

టెకిమాన్ సంత. మొక్కజొన్న దుమ్ము
కనురెప్పల మీద దిగుతున్న వేళ
ఇత్తడి రాళ్ల పెట్టెతో నేను దిగాను.
జేబులో సీసం ముద్ర. చంకలో చట్టం,
నలభై రెండు పేజీలు,
అట్ట ఇంకా జిగురు వాసన వేస్తోంది.

మెమునాతు ముందు ఒలొంకా డబ్బా.
ఒకప్పుడు టమాటా గుజ్జు అమ్మిన రేకు.
ఇప్పుడదే కుంచం, అదే మానిక,
ఆ వరసకంతా అదే రాజ్యాంగం.

తిరగేసి అడుగు తడిమాను.
లోపలికి నొక్కుకుపోయి ఉంది.
ఓపిగ్గా, ఒకదాని పక్కన ఒకటి, సుత్తి దెబ్బలు.
"ఇదేమిటమ్మా?"
"రోడ్డు సార్. తమాలే నుంచి లారీలో వస్తూ
ప్రతి గుంటా దీన్ని ఒకసారి ముద్దు పెట్టుకుంది."
అంగళ్లన్నీ నవ్వాయి.
యూనిఫాం లేకపోతే నేనూ నవ్వేవాణ్ణే.
రాసుకున్నాను: లోటు, నూట అరవై గ్రాములు.

అంతలో ఒక పిల్లాడు, గుప్పిట్లో చెమటపట్టిన నోటు.
ఆమె డబ్బా ముంచింది, తలకొట్టింది, సంచిలో పోసింది.
ఆపైన నా వంక చూడకుండానే
ఒక దోసెడు.
వాడి చెల్లెలి దగ్గు తగ్గిందా అని అడిగి
ఇంకో చారెడు.

సంచి తీసుకుని తూచాను.
లోటు పూడింది. పైన ముప్పై గ్రాములు.
కొసరుకి నా పట్టికలో గడి లేదు.

తర్వాత వచ్చింది చాప్ బార్ యజమాని, ఇరవై డబ్బాలకి.
తలకొట్టి పోసింది, అంతే.
ప్రతి డబ్బాకీ నూట అరవై తక్కువ.
నేను కళ్లెత్తితే మెల్లగా అంది:
"ఆయన వంటపిల్లల జీతం నొక్కుతాడు.
నేను డబ్బా నొక్కాను."

చట్టం తిరగేశాను. పంతొమ్మిదో సెక్షన్, జరిమానా.
ముప్పయ్యొకటి, స్వాధీనం.
ఆమె చెప్పినదానికి సెక్షన్ లేదు.
రసీదు రాసి డబ్బా తీసుకున్నాను,
కాటా ఇచ్చి ముద్ర వేశాను.

నెల తర్వాత వెళ్లాను.
అదే పిల్లాడు. కాటా మీద ఎర్రటి అంకెలు:
రెండు కిలోల ఐదువందల నాలుగు.
ఆమె వంగి, గోటితో,
గింజ తర్వాత గింజ వెనక్కి తీస్తోంది.
సున్నాలు రెండూ కుదురుకున్నాక
చెయ్యి దులుపుకుంది.
"చాలా సార్?"

పిల్లాడు ఇంకా సంచి మూతి తెరిచే ఉంచాడు.

సంచీల మీద సరుకంతా సరిగ్గా ఉందని
ఆ రోజే నివేదిక పంపాను.
పై అధికారి మెచ్చుకున్నాడు కూడా.

డబ్బా మా ఆఫీసులోనే ఉంది, మెడలో నంబరు చీటీతో.
వానాకాలం కప్పు కారే చోట పెట్టాం.
అడుగు నొక్కు కదా,
త్వరగా నిండుతుంది.
లేచి పారబోసి వస్తుంటాను.