బెత్తెడు

వాల్పరైసో కొండమీద తెల్లారుజామున నాలుగింటికి
రొట్టెల బట్టీ తలుపు తీస్తాను.
ఇరవై ఆరేళ్లుగా అదే సెగ, అదే వాసన.
వాసనకి ఆపరేషన్ లేదు.

అందరి తిప్పలూ జానెడు పొట్ట కోసమే.
నాది బెత్తెడు.
నాలుగేళ్ల కిందట కోసి, కుట్టి
మిగిలిందెంతో గాల్లో వేలితో గీసి చూపించింది డాక్టరమ్మ:
"నేను కోసింది సంచీని, నిబాల్దో.
చేతిని కోయలేదు. అది నీ దగ్గరే ఉంది, జాగ్రత్త."

ఆ చేయే పిండి పిసుకుతుంది,
ఆరువందల రొట్టెలకి గాట్లు పెడుతుంది.
ఒకటి నోటిదాకా తేవడానికి
ఎన్నడూ నన్ను అడిగింది లేదు.

అందుకే దానికి వేరే పనులు పెట్టాను.
పొద్దున్నే ఉడికిన గుడ్డు ఒలవడం.
తినేది మనవరాలి చెంచాతో,
పిడిమీద ఏనుగుబొమ్మ ఉన్నదానితో.
ముందు చేప, ఆనక చిక్కుడు గింజలు,
చోటు మిగిలితేనే రొట్టె.
ముద్దకి ఇరవైసార్లు నమలమన్నారు;
పన్నెండు దగ్గర ఇప్పటికీ లెక్క తప్పుతాను.
తింటూ నీళ్లు తాగకూడదు.
సీసాని కిటికీ అవతల పెట్టి
అరగంట దానివంక చూస్తాను, అది నావంక చూస్తుంది.

దాచడమెందుకు, మూడో ఏడు
తమ్ముడు ఎలెయుతేరియో వేటకెళ్లి సముద్రంలో పోయాడు.
ఏడవడం చేతకాక పెచ్చులు తిన్నాను.
రొట్టె కాదు, పళ్లెంలో రాలిన పెచ్చులే.
గోరంత గోరంత కలిసి తొమ్మిది కిలోలు.
విటమిన్ మాత్రల డబ్బాలో గురువారం గడి
శనివారానికీ నిండుగానే ఉండేది.

చేపలమ్మే ఫిలొమేనా
నాకన్నా రెండేళ్లు ముందే కోయించుకున్న మనిషి,
దుకాణానికొచ్చి
మైదా బస్తాల కాటామీద నన్ను నిలబెట్టింది.
తిట్టలేదు, జాలిపడలేదు.
అంకె గోడమీద సుద్దముక్కతో రాసి
"సోమవారం మళ్లీ వస్తా" అంది.
వచ్చింది.
ఆ పై సోమవారం కూడా.

ఇప్పుడు ఆ గోడనిండా అంకెలే.
కొన్ని దిగుతాయి, కొన్ని మొండికేస్తాయి.
ఒకప్పుడు మూడు బస్తాల మనిషిని,
ఇప్పుడు రెండుకి కాస్త తక్కువ.
కొండ లిఫ్టు ఎక్కడం మానేశాను.
నూట అరవై రెండు మెట్లు.
మొదట్లో నాలుగుచోట్ల కూలబడేవాణ్ణి,
ఇప్పుడు ఒక్కచోటే ఆగుతాను
ఆయాసంతో కాదు,
అక్కణ్ణించి పడవలు కనిపిస్తాయి.

"గెలిచినట్టేనా?" అంటారు రొట్టెలకొచ్చినవాళ్లు.
ఏమో.
నిన్న గురువారం. గడి ఖాళీ.
ఇవాళ్టి గుడ్డు ఇంకా ఒలవాలి.

బట్టీలోంచి మొదటి రొట్టె తీసి
చెవి దగ్గర పెట్టుకుంటాను,
పెంకు చిటపటమనడం పూర్తిగా వింటాను,
బుట్టలో వేస్తాను.