రోజూ జనవరి ఒకటి

కుతైసీలో, రియోనీ ఏటి పక్క బజారులో
లమారా గారి విత్తనాల కొట్టు.
అక్కడి కంప్యూటర్‌కి
రోజూ జనవరి ఒకటే.
రెండువేల తొమ్మిది. అర్ధరాత్రి పన్నెండు.

బటన్ నొక్కాక లేవడానికి పద్నాలుగు నిమిషాలు.
ఆ లోపు ఆవిడ షట్టరెత్తేది,
పిల్లికి గిన్నె పెట్టేది,
నీలి మెంతుల బస్తా మూతి విప్పేది.
అప్పుడొచ్చి కూర్చుని
ఇవాళ్టి తేదీ చేత్తో కొట్టేది.

నన్ను పిలిచింది తేదీ కోసం కాదు.
"లెక్కలు తెరవమంటే ఆవులిస్తోంది గోచా,
కొత్తది కొనలేను,
ఉన్నదానికే కాస్త ఊపిరి పొయ్."

పక్క రేకుకి నాలుగు మరలుండాలి, మూడే ఉన్నాయి.
తీశాను.
దుమ్ము కాదది, పదిహేనేళ్ల పొట్టు:
ధనియాల తొక్క, ముల్లంగి నూగు,
ఫ్యాన్ రెక్కల సందున ఇరుక్కున్న
నల్లసూదుల్లాంటి బంతి గింజలు.
బ్రష్‌తో ఊడ్చి ఆవిడ దోసిట్లో పోస్తే
కళ్లద్దాలు పైకి నెట్టి లెక్కపెట్టింది.
"పదకొండు.
ఇన్నాళ్లూ అద్దె కట్టకుండా ఉన్నాయి."

ప్రాసెసర్ మీది పేస్టు ఎండి సున్నమైంది.
గీకేసి, బియ్యపు గింజంత కొత్తది పెట్టాను.
మెమరీ ముక్క పళ్లు రబ్బరుతో తోమాను,
దానికి జతగా తిబిలీసీ పాత సామాన్లలో
బేరమాడి తెచ్చిన ఇంకోటి
టక్కుమని కూర్చుంది.
తిరిగే డిస్కు బయటికి తీస్తే ఇటుక బరువు,
దాని చోట అట్టముక్కంత తేలికైనది.
అందులోది ఇందులోకి వంపడానికి
మధ్యాహ్నమంతా పట్టింది.
బయట వాన. ఆవిడ ఖాచాపురి తుంచి
పెద్ద సగం నాకిచ్చింది.

పనిలో పనని
మదర్‌బోర్డు మూలనున్న బిళ్ల బ్యాటరీ కూడా మార్చాను.
బన్నురొట్టె ఖరీదు చేయదు.
తేదీ ఒక్కసారి చెప్పాను. ఆపాను.
ప్లగ్గు పీకి, పెట్టి, మళ్లీ నొక్కాను.
తొమ్మిది సెకన్లు.
అక్టోబర్ ఇరవై మూడు, బుధవారం.

ఆవిడ తెరవైపే చూస్తోంది.
మెచ్చుకుంటుందనుకున్నాను.
"ఆ జనవరి ఏదీ?" అంది.
"ఆ తేదీకి నాకు బ్యాంకు అప్పు లేదోయ్.
రోజూ పొద్దున ఒక్క నిమిషం
ఎవరికీ ఏమీ బాకీ లేనిదాన్ని."

ఏమనాలో తెలీక
జేబులోంచి నాలుగో మర తీసి బిగించాను.
పాత బిళ్ల పారెయ్యనివ్వలేదు,
చిల్లర సొరుగులో, చెల్లని నాణేల పక్కన వేసింది.
బంతి గింజలు పొట్లం కట్టి
నా కూలి డబ్బుతోపాటు చేతిలో పెట్టింది.

మొన్న అటు వెళ్తే
లెక్కలు చకచకా నడుస్తున్నాయి.
అప్పు వాయిదా ఎప్పుడో
అదే గుర్తు చేస్తోందట, గంట కొట్టి మరీ.
ఆవిడ నవ్వుతూనే చెప్పింది.

పిల్లి ఒక్కటే నాతో పలకడం లేదు.
దాని పక్క ఆ డబ్బా మీదే.
డబ్బా ఇప్పుడు వేడెక్కదు.