నాలుగుకూ ఏడుకూ నడుమ

సుబేదారిలో మా డాక్యుమెంట్ల షాపు
అడ్డం నాలుగడుగులు.
బల్ల మీద స్టాంపు ప్యాడు, గుండుసూదుల డబ్బా,
ఎవరో మర్చిపోయిన కళ్లజోడు.
ఇన్నింట్ల కీబోర్డుకు దక్కేది జానెడున్నర.

పాతది పోయింది. "క" రెండుసార్లు పడుతుండె,
"త" అసలే పడకపోతుండె.
ఈసారి కొనను, కట్టించుకుంట అన్న.
మండిబజారు ఆరిఫ్ టంకం కడ్డీ పట్టుకొని నవ్విండు:
"కట్టుడు అల్కనే మేడం, ముందు నక్ష చెప్పుండ్రి."

నక్ష!
పొద్దంతా ఊర్ల నక్షలు చూసే దాన్ని,
రాత్రి చెప్పుల డబ్బా అట్ట కోసి
వంటింటి గట్టు మీద మూడు కీబోర్డులు పరిచిన.

ఒకదాంట్ల ఎంటర్ నిలువుగ,
పైవరుస నుంచి కిందికి కాళ్లు జాపి కూసున్నది.
చూడ ముచ్చటే.
దాని కోసం ఎడమ షిఫ్టును సగానికి నరికి
పక్కన నాకక్కరలేని మీటొకటి దూర్చిన్రు.
నా చిటికెనవేలు దినాం వెయ్యిసార్లు పోయే జాగ అది:
ఖాతాకు ఒత్తాలె, ఫలానాకు ఒత్తాలె,
ఒత్తుడు మరిస్తే భూమి బూమి అయితది.
ఓదెలు నోట్లె ఎట్లాగూ బూమే,
కాయితం మీద మాత్రం ఒప్పుకోడు.

పక్కకు పెట్టిన.

రెండోది పొడుగు. కుడి చివర అంకెల గూడు.
పన్నెండేండ్ల అలవాటు, చూడకుంట కొడత:
సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, చలాను,
పల్లికాయ ఒలిచినట్టు.
కానీ అండ్ల ఏడు కిందనే నాలుగు,
నాలుగు కిందనే ఒకటి,
ఒకే గోడకు ఆనుకున్న ఇండ్లు.
పోయినేడు వానాకాలం, కరెంటు పోయి వచ్చిన పూట,
దామెర ఓదెలు 417
నా వేలు ఒక్క మెట్టు జారి 414 అయింది.
ఆయన చెలక ఎవరి పేరు పక్కనో పోయి నిలబడ్డది.
సవరణకు పదకొండు నెలలు.
వచ్చినప్పుడల్లా షాపు ముందర ఆగి
ఒక చేతివి అయిదు, ఇంకో చేతివి రెండు
వేళ్లెత్తి చూపిచ్చేటోడు.
"ఏడు బిడ్డా. ఏడు."

మూడోది పొట్టిది. గూడు లేదు.
అంకెలన్నీ పైన ఒక్క వరుసల,
పరకాల బస్సు కోసం నిలబడ్డట్టు.
నాలుగు ఎడమ చేతిది, ఏడు కుడి చేతిది,
నడుమ అయిదూ ఆరూ కాపలా.
లెక్క చూసుకున్న:
కాయితానికి రెండు నిమిషాలు ఎక్కువ,
దినానికి మూడు కాయితాలు తక్కువ.
ఈ రెండో లెక్క మా మొగిలి సార్‌కు చెప్పలే.

అట్టముక్క మీద ఉత్త వేళ్లతోని
ఒంటిగంట దాంక నాలుగు, ఒకటి, ఏడు.
పక్కింటి కూలరొక్కటే చప్పుడు.

జుమ్మా అయినంక ఆరిఫ్ తెచ్చిచ్చిండు.
గలగల తగ్గాలని కింద
కొత్తవాడ జంపకానా ముక్క వేసిన.
తొలి కాయితం, తొలి సర్వే నంబరు.
కుడి చెయ్యి నన్నడగకుంటనే పక్కకు పోయి
లేని ఏడును గట్టిగ ఒత్తింది.
స్టాంపు ప్యాడు. తడి.

ఎదురుంగ కూసున్న ముసలామె
నీలం పడ్డ నా వేలు చూసి
"నువ్వు గూడ నిషానేనా, బిడ్డా?" అన్నది.