నలభై అడుగులు

మద్దుల తిరుపతాంబ గారిని
నేను నలభై అడుగుల చొప్పున కోశాను.

ఎప్పుడో ఒకప్పుడు చెప్పుకోవాల్సిన మాటే ఇది.
గవర్నర్‌పేటలో మా హాలు.
సెకండ్ షో ఒంటిగంట లోపు వదలకపోతే
నూజివీడు ఆఖరి బస్సు వెళ్లిపోతుంది,
ఆ జనం మెట్ల మీదే పడుకుంటారు.
ఓనరు శేషావతారం గారు గుమ్మంలో నిలబడి, వక్క నములుతూ,
"పాట ముట్టుకోకు. ఫైటు జోలికి పోకు.
ఆ తల్లి ఏడుపుంది చూడు, అక్కడ లేపెయ్."

లేపేశాను.
బ్లేడూ, సిమెంటూ, ముగ్గిన అరటిపండు వాసన.
అడుగుకి పదహారు బొమ్మలు.
తలుపు తీసిన తల్లి తలుపు వేసేలోగా
కొడుకు తోటలో పాట అందుకునేవాడు.
ఒక్కడూ కేకెయ్యలేదు, ఒక్క సోడా సీసా పగల్లేదు.
ప్రింటు గాంధీనగర్ ఆఫీసుకి తిరిగి వెళ్లేటప్పుడు
ముక్కలు అతికించి పంపాలి, అది రూలు.
నేను హార్లిక్స్ సీసాలో వేసుకున్నాను.
ఎందుకని అడక్కండి.

రేపల్లె అవతల లంక ఊరు ఆవిడది.
హార్మోనియం శ్రుతికి పద్యం ఎత్తుకుంటే
పెట్రోమాక్సు చుట్టూ పురుగులు కూడా ఆగేవట
(ఆవిడే చెప్పింది, సగం నమ్మాను).
ఇరవై ఆరో ఏట మద్రాసు మెయిలెక్కింది,
నాయిక వేషమన్నారని.
మేకప్పు గదిలో తల వంచమని
జింకు పౌడరు చల్లారు.
కొడుకు వేషం కట్టినాయన తొమ్మిదేళ్లు పెద్ద,
కాళ్లకి దండం పెట్టే షాటయ్యాక
"ఏమ్మాయ్, అగ్గిపెట్టె ఉందేమో కనుక్కో" అనేవాడట.

అలా ముప్పై ఏళ్లు.
దగ్గింది, దీపం పెట్టింది, మనియార్డరు మీద వేలిముద్ర వేసింది,
నూట పన్నెండు సినిమాల్లో "నాయనా" అంది. లెక్క ఆవిడదే.
టైటిల్స్‌లో "మరియు" కింద
పద్దెనిమిది పేర్ల మధ్య
ఒకసారి తిరుపతాంబ, ఒకసారి తిరపతమ్మ,
ఒకసారి అసలు లేదు.
నిజంగా జుట్టు నెరిసిన ఏడాది
కొత్త డైరెక్టరు ఎగాదిగా చూసి
"సహజంగా లేదండీ" అని విగ్గు తెప్పించాడు.
ఇది చెప్పి ఎంత నవ్విందంటే
పమిట చెంగుతో కళ్లు ఒత్తుకోవాల్సి వచ్చింది.

మొగల్రాజపురం కొండ వెనక రెండు గదుల వాటా.
నేను వెళ్లింది మే నెలలో,
రాయి సెగ గోడలోంచి వీపుకి తగిలేది.
సీసా బల్ల మీద పెట్టి తప్పు ఒప్పుకున్నాను.
తిడుతుందనుకున్నాను.
కళ్లజోడు తుడుచుకుని
ఒక్కో ముక్కా కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.
"ఇది కంపెనీ చీర, సాయంత్రమే మడిచి ఇచ్చేశా.
ఇది నాదే. ఈ గాజులూ నావే, ఇంటద్దె కింద పోయాయి.
ఈ భుజం ఎవరిదిరా?"
ప్రతి ముక్కలోనూ ఎవరిదో ఒక భుజం,
దాని మీదుగా ఆవిడ ముఖం,
నలుపూ తెలుపూ, గోరంత.

ఒకచోట ఆగింది.
అందులో పెదాలు సగం విచ్చి ఉన్నాయి.
"ఇక్కడ ఏమన్నాను?"
మిషను చప్పుడులో మాటలు వినపడవమ్మా,
నాకు కొయ్యడమే తెలుసు.
ఆవిడ పెదాలు అలాగే పెట్టి చూసింది.
మళ్లీ పెట్టి చూసింది.
"'నాయనా' కాదు. దానికి నోరు ఇంకా తెరవాలి."
పక్క వాటాలో కుక్కరు కూసింది.
ఆ ఒక్క ముక్కా పాల లెక్కల పుస్తకంలో దాచుకుని
సీసా నా వైపు జరిపింది.
"మిగతావి నువ్వే ఉంచు, ఇక్కడి ఎండకి అంటుకుపోతాయి.
కాఫీ తాగు, చల్లారిపోతోంది."

రైవస్ కాలవ గట్టున నడిచి వచ్చాను,
సంచిలో ముక్కలు గరగరమంటుంటే.
నలభై అడుగులంటే ఇరవై ఏడు సెకన్లు.
వంతెన దాటడానికి కూడా చాలవు.

నూజివీడు బస్సు, నిజం చెప్పాలంటే,
ఏనాడూ ఒంటిగంటకి కదల్లేదు.